అడ్వాన్సు కింద చిక్కిన కుటుంబాన్ని విడిపించాలంటే: నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఫిర్యాదు నుంచి విముక్తి పత్రం దాకా

రొయ్యల గుంటల కాపలా, ఇటుక బట్టీ, జామాయిల్ కొట్టుడు, సుబాబుల్ లోడింగు, బొగ్గు బట్టీ, బాతుల మంద. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వెట్టి కోసం వెతికేవాళ్లు ముందు చూడాల్సిన చోట్లు ఇవి. చిక్కేవాళ్లలో యానాదులు (ఇక్కడి ఎస్టీ తెగ) ఎక్కువ. సంకెళ్లు, తాళాలు కనపడవు. పదివేలో ఇరవైవేలో అడ్వాన్సు ఉంటుంది, ఎన్నేళ్లు చేసినా అది తీరదు, అంతే.

ఊరి పెద్దలో సంఘం వాళ్లో వెళ్లి "బాకీ వదిలెయ్యి, వాళ్లని పోనియ్యి" అని యజమానిని ఒప్పించి, కుటుంబాన్ని ఆటోలో ఇంటికి తెచ్చేస్తే పని అయిపోయిందనుకుంటారు. నిజానికి అక్కడ పని చెడిపోతుంది. చేతిలో విముక్తి పత్రం, అంటే వెట్టి నుంచి విడుదలైనట్టు కలెక్టరో ఆర్డీవోనో ఇచ్చే కాగితం, లేకపోతే పునరావాస డబ్బు రాదు, బాకీ రద్దయినట్టు రుజువుండదు, ఇంట్లో బియ్యం అయిపోయిన రోజు ఇంకో మేస్త్రి (అడ్వాన్సిచ్చి కూలీలను తెచ్చే దళారి) దగ్గర ఇంకో అడ్వాన్సు తప్పదు. కాబట్టి మొదటి రోజు నుంచి చేసే ప్రతి పనీ ఆ పత్రం కోసమే చెయ్యాలి.

ఇది వెట్టేనా?

"అడ్వాన్సు ఇవ్వడం నేరమా?" అని యజమాని తరఫు వాళ్లు అడుగుతారు. ఒక్కోసారి విచారణకొచ్చిన అధికారే అడుగుతాడు. అడ్వాన్సు ఒక్కటే ఉంటే వెట్టి కాదు. దాంతో మనిషిని కట్టేస్తే వెట్టి. 1976 వెట్టిచాకిరి వ్యవస్థ రద్దు చట్టం ప్రకారం, బాకీ వల్ల ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి జరిగినా చాలు: కూలి లేకుండా గానీ నామమాత్రపు కూలికి గానీ పని చెయ్యాల్సిరావడం, వేరే పనికి పోయే వీలు లేకపోవడం, ఇష్టమొచ్చిన చోటికి తిరిగే వీలు లేకపోవడం, తన వస్తువునో తన కష్టంతో వచ్చిన సరుకునో బజారు ధరకు అమ్ముకోలేకపోవడం. బాకీకి కాగితం ఉండనక్కర్లేదు. నోటిమాటైనా, తండ్రి చేసిన అప్పైనా, కులం పేరుతో వంశపారంపర్యంగా వచ్చిన చాకిరీ అయినా లెక్కలోకి వస్తాయి.

నామమాత్రపు కూలి అంటే కనీస వేతనం కన్నా తక్కువ. ఈ లెక్కను కుటుంబంతో కూర్చుని వెయ్యాలి, ఎందుకంటే యజమాని చెప్పే జీతం ఎప్పుడూ జంటకో కుటుంబానికో కలిపి చెప్పేది. ఉదాహరణకు, భార్యాభర్తలకు కలిపి నెలకు 8,000 అంటే వినడానికి బాగానే ఉంటుంది. ఇద్దరూ 30 రోజులూ పని చేస్తే మొత్తం 60 పనిదినాలు, మనిషికి రోజుకు 133 రూపాయలు. రాత్రి ఏరేటర్లు చూడటం, మేత చల్లడం, గుంట చుట్టూ తిరగడం కలిపి గంటలు రాస్తే ఇంకా దిగజారుతుంది. బట్టీల్లో వెయ్యి ఇటుకలకింత, జామాయిల్‌కు టన్నుకింత అని లెక్క ఉంటుంది. అక్కడ ఎంతమంది చేతులు పడితే ఆ వెయ్యి అవుతున్నాయో అడగండి. పిల్లల చేతులు కూడా లెక్కపెట్టండి. ఆ పనికి ఇప్పుడున్న కనీస వేతనం ఎంతో జిల్లా కార్మిక శాఖ ఆఫీసులో రాయించుకుని ఫిర్యాదుకు జతచెయ్యండి.

కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించడం బలవంతపు పనే, రాజ్యాంగం 23వ అధికరణానికి విరుద్ధం అని సుప్రీంకోర్టు 1982లో, ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో చెప్పింది. బలవంతపు పని అని తేలితే, అది అడ్వాన్సు వల్లే జరిగిందని ముందుగా భావించాలి, కాదని నిరూపించుకోవాల్సింది యజమాని అని 1983 డిసెంబరులో బంధువా ముక్తి మోర్చా కేసులో చెప్పింది. చట్టంలోని 15వ సెక్షన్ కూడా రుజువు భారాన్ని అప్పిచ్చినవాడి మీదే పెట్టింది. "బాకీ పత్రం చూపించండి" అని కూలీని అడిగే అధికారికి ఈ మూడూ గుర్తు చెయ్యాలి.

కుటుంబంతో మాట్లాడేటప్పుడు "మీరు వెట్టిలో ఉన్నారా?" అని అడగొద్దు. లేమంటారు. ఇలా అడగండి: పోయిన పండక్కి ఇంటికి పోయారా, ఎన్ని రోజులు ఉన్నారు? పోయినప్పుడు ఎవరినైనా ఇక్కడే ఉంచి పోయారా? ఆధార్, రేషన్ కార్డు ఎవరి దగ్గరున్నాయి? రేపు ఇంకొకరు రోజుకు వంద ఎక్కువిస్తామంటే పోగలరా? పోతే ఏమవుతుంది? ఒంట్లో బాగలేని రోజు కూలి ఉంటుందా? పెళ్లాం బిడ్డల్లో ఒకరిని పని చోటే ఉంచుకుని మిగతావాళ్లను ఇంటికి పంపడం ఇక్కడ మామూలు పట్టు. "ఇంటికి పోనిస్తారు" అనే జవాబు వెనక అది ఉందో లేదో చూడాలి.

కబురు అందిన రోజు చెయ్యాల్సింది, చెయ్యకూడనిది

మొదట చెయ్యకూడనిది. బండి వేసుకుని మీరే వెళ్లి కుటుంబాన్ని ఎక్కించుకు రావొద్దు. యజమాని మరుసటి రోజు దొంగతనం కేసో, అడ్వాన్సు ఎగ్గొట్టారని మోసం కేసో పెడతాడు. కూలీలు పని చేస్తున్న చోట అధికారుల కళ్లకు కనపడకపోతే వెట్టి అని రుజువు చెయ్యడం పది రెట్లు కష్టం. ఫోటోలు, వీడియోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. ఊళ్లో ఎవరికి చెప్పినా సాయంత్రానికి కబురు గుంట మీదికి చేరుతుంది, రాత్రికి రాత్రి కుటుంబాన్ని వేరే చోటికి మార్చేస్తారు. మార్చేది కూడా జిల్లా సరిహద్దు దాటించే.

ప్రాణాపాయం, కొట్టడం, ఆడవాళ్ల మీద అఘాయిత్యం ఉంటే ఆగకుండా 112. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలుంటే 1098 (పిల్లల హెల్ప్‌లైన్) కూడా.

లేకపోతే ఒకటి రెండు రోజులు నిదానంగా వివరాలు పోగుచెయ్యండి. చోటు కచ్చితంగా తెలియాలి: మండలం, గ్రామం, ఏ కాలవ కట్ట, ఏ రోడ్డు మీంచి ఎటు తిరగాలి, కుదిరితే ఫోన్‌లో లొకేషన్. గుంటల మధ్య రోడ్లన్నీ ఒకేలా ఉంటాయి, "ఫలానా ఊరి దగ్గర రొయ్యల గుంటలు" అని రాస్తే తహసీల్దారు జీపు గంటసేపు తిరిగి వెనక్కి పోతుంది. ఒక్కొక్కరి పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, సొంతూరు. అడ్వాన్సు ఎంత, ఎప్పుడు, ఎవరి చేతుల మీదుగా. యజమాని, లీజుదారు, మేస్త్రి ముగ్గురూ వేరైతే ముగ్గురి పేర్లూ. పొలం ఒకడిది, గుంట లీజు ఇంకొకడిది, మనుషుల్ని తెచ్చింది వేరొకడు కావడం మామూలే. ఒకరి పేరే రాస్తే మిగతా ఇద్దరూ జారిపోతారు.

ఇంకొకటి: ఆ మండలం ఇప్పుడు ఏ జిల్లాలో, ఏ డివిజన్‌లో ఉందో అదే రోజు చూసుకోండి. 2022లో గూడూరు, సూళ్లూరుపేట వైపు తిరుపతి జిల్లాలోకి, కందుకూరు నెల్లూరులోకి పోయాయి. హద్దుల మార్పు అంతటితో ఆగలేదు కూడా. తప్పు కలెక్టరేట్‌లో ఇచ్చిన కాగితం ఫార్వర్డ్ అవుతూ వారాలు తింటుంది.

ఫిర్యాదు ఎలా రాయాలి, ఎవరికివ్వాలి

ఒకే పేజీ చాలు. తెల్లకాగితం మీద తెలుగులో. పైన "విషయం" దగ్గరే "1976 వెట్టిచాకిరి వ్యవస్థ రద్దు చట్టం కింద విచారణ జరిపి, విడిపించి, విముక్తి పత్రాలు ఇవ్వమని" అని రాయండి. "కూలి డబ్బులు ఇప్పించమని" అనే మాట ఎక్కడా రాయొద్దు. ఆ ఒక్క మాట ఉంటే ఫైలు కూలి తగాదా కింద కార్మిక శాఖకు పోతుంది. వాళ్లు యజమానిని పిలిచి ఓ నాలుగు వేలు ఇప్పించి ఫైలు మూసేస్తారు. బకాయి కూలి సంగతి తర్వాత విడిగా అడగొచ్చు.

లోపల ఇలా: "ఫలానా మండలం, ఫలానా గ్రామ పరిధిలో, కాలవ కట్టకు తూర్పున ఉన్న రొయ్యల గుంటల దగ్గర ఈ కింది ఐదుగురు ఫలానా నెల నుంచి పని చేస్తున్నారు. ఫలానా మేస్త్రి ద్వారా 20,000 అడ్వాన్సు ఇచ్చారు. రోజుకు మనిషికి 133 కన్నా పడటం లేదు. బాకీ తీరేదాకా కదలకూడదని చెప్పి ఆధార్ కార్డులు పెట్టుకున్నారు. ఫలానా నెలలో ఇంటికి పోబోతే మోటార్‌సైకిల్ మీద వెంటపడి వెనక్కి తెచ్చారు." ఎవరు, ఎప్పుడు, ఏం చేశారు అన్నదే రాయాలి. "అమానుషంగా, దారుణంగా" అని విశేషణాలు గుప్పించిన ఫిర్యాదు విచారణలో నిలబడదు.

ఈ చట్టం కింద అధికారం జిల్లా మేజిస్ట్రేటుది, అంటే కలెక్టరుది. ఆయన అప్పగిస్తే సబ్‌కలెక్టర్ లేదా ఆర్డీవోది. ఫిర్యాదు కలెక్టరుకు రాసి, ఆర్డీవోకు, ఎస్పీకి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి నకళ్లు ఇవ్వండి. యానాదులైతే నెల్లూరు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు ఆఫీసరుకు కూడా. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే నంబరు పడుతుంది, అది మంచిదే. కానీ అక్కడ జనంలో నిలబడి వివరాలు గట్టిగా చెప్పాల్సివస్తుంది. కబురు బయటికి పొక్కే కేసైతే కలెక్టరునో సబ్‌కలెక్టరునో విడిగా కలిసి ఇవ్వడం మేలు. ఎక్కడిచ్చినా నకలు మీద తేదీ, ముద్ర, సంతకం వేయించుకోవడం మరవొద్దు.

విచారణ రోజు

రెవెన్యూ, పోలీసు, కార్మిక శాఖ కలిసి వెళ్లాలి, ఆడవాళ్లుంటే మహిళా అధికారి ఉండాలి. ఇక్కడ చెడేది ఒక్కచోటే, వాంగ్మూలం దగ్గర. గుంట గట్టు మీద, యజమాని కుర్చీ వేసుకుని కూర్చున్న చోట "మిమ్మల్ని ఎవరన్నా కట్టేశారా?" అని అడిగితే "లేదు సార్, మేం ఇష్టంగానే ఉన్నాం" అంటారు. ఆ వాక్యం పంచనామాలోకి ఎక్కితే పైనుంచి కిందిదాకా కేసు పోయినట్టే. కూలీలను సామానుతో సహా ముందు ఆర్డీవో ఆఫీసుకో తహసీల్దారు ఆఫీసుకో తీసుకొచ్చి, అన్నం పెట్టి, ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడగాలి. ఫిర్యాదులోనే "యజమాని లేని చోట, విడివిడిగా వాంగ్మూలాలు తీసుకోవలసిందిగా" అని ఒక వాక్యం రాసిపెడితే ఆ రోజు వాదించే పని తప్పుతుంది.

సామాను అన్నాం కదా. గిన్నెలు, బట్టలు, పిల్లల సర్టిఫికెట్లు, వలలు, ఉంటే కోళ్లు, కుక్కలు కూడా. వదిలేసి వస్తే మూడో రోజు వాటికోసం వెనక్కి పోతారు, యజమాని అక్కడే కూర్చోబెట్టి రాజీ కాగితం మీద వేలిముద్ర వేయించుకుంటాడు. ఖాళీ ప్రోనోట్లు, తెల్లకాగితాల మీద వేలిముద్రలు ముందే తీసుకుని ఉంటే ఆ సంగతి వాంగ్మూలంలో తప్పకుండా ఎక్కాలి. పిల్లలను 24 గంటల్లోపు బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. తల్లిదండ్రులు పక్కనే ఉన్నారు కదా అని ఆ మెట్టు దాటేస్తుంటారు, దాంతో పిల్లల పేరు రికార్డులో ఎక్కడా లేకుండా పోతుంది.

విముక్తి పత్రం

కుటుంబానికి ఒకటి ఇస్తామంటే ఒప్పుకోవద్దు. పని చేసిన ప్రతి మనిషికీ ఒకటి. ఇది పట్టింపు మాట కాదు, లెక్క దీనిమీదే ఉంది. కేంద్ర పునరావాస పథకంలో మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకు, పిల్లలకు 2 లక్షలు, లైంగిక దోపిడీ నుంచో అక్రమ రవాణా నుంచో బయటపడిన ఆడవాళ్లకు, పిల్లలకు, వికలాంగులకు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు 3 లక్షలు. "కుటుంబ యజమాని" పేరు మీద ఒక్క పత్రం రాస్తే భార్య 2 లక్షలు, పనిలో ఉన్న పద్దెనిమిదేళ్ల లోపు కొడుకు 2 లక్షలు కాగితం మీదే మాయమవుతాయి.

పత్రంలో చూసుకోవాల్సినవి: పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా, తండ్రి లేదా భర్త పేరు, వయసు, కులం, సొంతూరు చిరునామా, పని చేసిన చోటు, యజమాని పేరు, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, చట్టం పేరు, ఫైలు నంబరు, తేదీ, ముద్ర. పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా బ్యాంకు దగ్గర ఆగుతుంది. యానాదుల్లో ఇంటిపేరు ఒకచోట ఉండి ఒకచోట లేకపోవడం చాలా మామూలు, ఇచ్చే రోజే సరిచేయించాలి. అసలు పత్రం ఇంటి దగ్గర పెట్టుకుని అన్ని ఆఫీసులకూ జెరాక్సులే ఇవ్వాలి. పూరిగుడిసెలో వానకు తడవకుండా లామినేషన్ చేయించడం తేలిక ఖర్చు.

అధికారులు "వెట్టి కాదు, వలస కూలీలు" అని తేల్చేస్తే కారణాలతో రాతపూర్వక ఉత్తర్వు అడగండి. అది చేతికొస్తే న్యాయ సేవాధికార సంస్థ ద్వారా హైకోర్టు దాకా పోవచ్చు. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు కూడా రాయొచ్చు. ఎస్సీ, ఎస్టీలకు, వెట్టి, అక్రమ రవాణా బాధితులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత లాయరు వస్తాడు. న్యాయ సేవాధికార సంస్థ ఫోన్ 15100.

పోలీసు కేసు

1976 చట్టంలో శిక్ష మూడేళ్ల దాకా, జరిమానా 2,000 దాకా. బెయిలబుల్ నేరం. అంటే యజమాని సాయంత్రానికి ఇంటికొస్తాడు. అందుకని సంగతులు సరిపోతే ఇంకో రెండు చట్టాలు కలవాలి.

ఒకటి భారతీయ న్యాయ సంహిత 143, మనుషుల అక్రమ రవాణా. ఐక్యరాజ్యసమితి 2000లో తెచ్చిన పాలెర్మో ప్రోటోకాల్‌ను మన దేశం 2011లో ధ్రువీకరించింది. ఆ నిర్వచనం ప్రకారమే 2013లో పాత ఐపీసీ 370 మారింది, 2024 జులై 1 నుంచి అది 143 అయింది. మూడు ముక్కలు కావాలి: మనిషిని చేర్చుకోవడం, తరలించడం లాంటి పని, బెదిరింపు, మోసం, ఆశ చూపడం లాంటి పద్ధతి, దోపిడీ అనే ఉద్దేశం. మేస్త్రి ఏం చెప్పి, ఏ బండిలో, ఎక్కడినుంచి ఎక్కడికి తెచ్చాడు అన్నది వాంగ్మూలంలో ఉంటేనే ఈ సెక్షన్ నిలుస్తుంది. బాధితుడు ఒప్పుకున్నాడా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. కనీసం ఏడేళ్ల శిక్ష. ఒకరికన్నా ఎక్కువ మందైనా, బిడ్డ అయినా కనీసం పదేళ్లు.

రెండోది, కూలీలు ఎస్సీ, ఎస్టీలై యజమాని ఆ వర్గాల వాడు కాకపోతే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం (అట్రాసిటీ చట్టం). ముందస్తు బెయిలు ఉండదు, దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చెయ్యాలి, ఎఫ్‌ఐఆర్ దశ నుంచే బాధితులకు పరిహారం వాయిదాల్లో మొదలవుతుంది.

స్టేషన్‌లో "మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసేది) అడగండి. అసలు తీసుకోనంటే ఎస్పీకి రాతపూర్వకంగా, రిజిస్టర్ పోస్టులో. 143 కింద వచ్చే ఫిర్యాదును నమోదు చెయ్యని పోలీసు అధికారికి న్యాయ సంహిత 199 కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల కఠిన శిక్ష ఉంది. ఈ సంగతి మెల్లిగా చెప్పినా పనిచేస్తుంది. సరిపోని సెక్షన్లన్నీ కలిపి రాయమని మాత్రం పట్టుబట్టొద్దు. కోర్టులో ఒకటి ఊడితే మిగతావీ వదులవుతాయి.

పని చోటు వేరే రాష్ట్రమైతే, వేరే దేశమైతే

బాతుల మందల వెంట, బట్టీలకు తమిళనాడు పోయినవాళ్ల విషయంలో అధికారం పని చేస్తున్న జిల్లా కలెక్టరుది. విముక్తి పత్రం అక్కడే రావాలి. మన కలెక్టరుకు, అక్కడి కలెక్టరుకు ఒకేసారి ఈమెయిలు చెయ్యండి, తెలుగు ఫిర్యాదుకు ఇంగ్లీషులో ఒక పేజీ సారాంశం జతపెట్టండి. బాతుల మంద మేత కోసం కదులుతూ ఉంటుంది కాబట్టి చోటు ఏ రోజుదో తేదీ వెయ్యాలి. పత్రం లేకుండా రైలెక్కించి పంపేస్తే ఇక్కడికొచ్చాక దాన్ని తెప్పించడం నెలల పని.

కువైట్, ఒమాన్ లాంటి చోట్లకు ఇంటిపనికి పోయే ఆడవాళ్ల సంగతిలో చట్టం వేరు, పట్టు ఒకటే: అడ్వాన్సు, లాక్కున్న పాస్‌పోర్టు. పదో తరగతి పాసవని మహిళ 30 ఏళ్లు నిండకుండా ఆ దేశాలకు పనికి పోవడానికి అనుమతి లేదు. అందుకే ఏజెంటు విజిట్ వీసా మీద పంపుతాడు. విజిట్ వీసా మీద పని అని ఎవరన్నా అంటే అక్కడితో ఆపెయ్యాలి. ఏజెంటు రిజిస్టరైనవాడో కాదో కేంద్ర విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ సైటులో చూడొచ్చు. రిజిస్టరైనవాడు తీసుకోగలిగే రుసుము 30,000, దానిమీద జీఎస్టీ, అంతే. అప్పటికే పోయి చిక్కుకుంటే 1800-11-3090కి (ప్రవాసుల సాయ కేంద్రం) ఫోను, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు, ఇక్కడ ఏజెంటు మీద పోలీసు కేసు. మూడూ ఒకే వారంలో జరగాలి. పాస్‌పోర్టు, వీసా ఫోటోలు పోయేముందే ఇంట్లో ఒకరి ఫోనులో ఉంటే సగం పని తేలిక.

డబ్బు, ఆ తర్వాత

విడిపించిన వెంటనే మనిషికి 30,000 దాకా తక్షణ సాయం ఇవ్వొచ్చు, కేసు తేలేదాకా ఆగక్కర్లేదు. నిధులు లేవంటే జిల్లా వెట్టి కార్మికుల పునరావాస నిధి సంగతి అడగండి. ప్రతి జిల్లాలో కనీసం 10 లక్షలతో అది ఉండాలని పథకమే చెబుతోంది. మిగతా మొత్తం కేసు ముగింపుతో ముడిపడి ఉంటుంది కాబట్టి ఆర్డీవో దగ్గర జరిగే సత్వర విచారణ ఏ తేదీకి వాయిదా పడిందో ప్రతిసారీ రాసుకుని వెంటపడాలి. కుటుంబం మళ్లీ వలసపోయి సాక్ష్యానికి రాకపోవడం వల్లే ఈ డబ్బు ఎక్కువగా ఆగిపోతుంది. వాయిదాల ఫోన్లు అందుకోవడానికి ఊళ్లో ఉండే ఒకరి నంబరు ఫైల్లో ఇవ్వండి.

ఆధార్, బ్యాంకు ఖాతా, కుల ధ్రువీకరణ, రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు: సచివాలయంలో ఈ వరసలోనే పెట్టండి, ఒకటి లేక రెండోది ఆగుతుంది. ఖాతా ప్రతి పెద్దమనిషికీ విడిగా ఉండాలి. ఇంటి స్థలం, గొర్రెలు, వలలు, పడవ లాంటి సాయానికి ఐటీడీఏకి విముక్తి పత్రం జెరాక్సుతో అర్జీ పెట్టొచ్చు. యజమాని భూమిలో కుటుంబం గుడిసె వేసుకుని ఉంటే, వెట్టిలో భాగంగా ఇచ్చిన ఆ ఇంట్లోంచి వాళ్లను ఖాళీ చేయించకూడదని చట్టం 8వ సెక్షన్‌లో ఉంది.

కొన్నాళ్లకు ప్రోనోటు మీద లాయరు నోటీసు వస్తే భయపడి డబ్బు కట్టొద్దు, సంతకం చెయ్యొద్దు. వెట్టి బాకీ చట్టంతోనే రద్దయింది, దానికోసం సివిల్ కోర్టులో దావా చెల్లదు. రద్దయిన బాకీని వసూలు చేసుకోవడమే మూడేళ్ల దాకా శిక్ష పడే నేరం. దావా వేసినా కుటుంబం తరఫున వాదించే బాధ్యత ఈ చట్టం అమలు చూసే జిల్లా, డివిజన్ స్థాయి విజిలెన్స్ కమిటీలకు 14వ సెక్షన్ అప్పగించింది. నోటీసు వచ్చిన రోజే దాని జెరాక్సు, విముక్తి పత్రం జెరాక్సు కలిపి ఆర్డీవో ఆఫీసులో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి.